ఆడిస్తున్నాడా, ఏడిపిస్తున్నాడా?

ప్రశ్న: నా భర్త మొదటి భార్య చనిపోయారు. ఆమె కొడుకు తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. మా బాబుకు మూడేళ్లు. పెద్దవాడు చిన్నవాణ్ని ఎత్తి తిప్పుతాడు, వాడి ముద్దుమాటలు వాడిలాగే పలికి నవ్వుతాడు. ఒక్కోసారి బాబు ఏడుస్తాడు. అది ఓర్వలేనితనమని, ఇష్మాయేలును శారా పంపేసినట్టే వీణ్ని హాస్టల్లో వేయమని మా అమ్మ అంటోంది. వాక్యంలో ఉన్నదే కదా అంటుంది. మా వారు ఏమీ మాట్లాడరు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ అమ్మగారు చెప్పేది బైబిలు మొదటి పుస్తకమైన ఆదికాండములోని 21వ అధ్యాయం. అబ్రాహాముకు భార్య శారా కన్న కొడుకు ఇస్సాకు, ఆమె దాసి హాగరు అంతకుముందే కన్న కొడుకు ఇష్మాయేలు. ఇస్సాకు పాలు విడిచిన రోజున అబ్రాహాము విందు చేశాడు. అప్పుడు హాగరు కొడుకు ‘పరిహసించుట’ శారా చూసిందని మన తెలుగు బైబిలు చెబుతుంది. హీబ్రూలో అక్కడున్న మాట ‘మెత్సహేక్’. నవ్వుకు సంబంధించిన ధాతువు అది. ఇస్సాకు పేరు కూడా అందులోంచి వచ్చిందే. ఆ మాట ఆటకూ చెల్లుతుంది, ఎగతాళికీ చెల్లుతుంది. 26వ అధ్యాయంలో ఇస్సాకు తన భార్య రిబ్కాతో సరసమాడుతుండగా అబీమెలెకు రాజు కిటికీలోంచి చూస్తాడు, అక్కడా ఇదే మాట. 39వ అధ్యాయంలో పోతీఫరు భార్య యోసేపు మీద నింద మోపుతూ వాడిందీ ఇదే.

క్రీస్తుకు పూర్వం యూదులు చేసుకున్న గ్రీకు అనువాదంలో ఆ అబ్బాయి ఇస్సాకుతో ఆడుకుంటున్నాడు. 11వ శతాబ్దపు యూదు వ్యాఖ్యాత రాషీ మాత్రం అదే మాటలో విగ్రహారాధన, వ్యభిచారం, హత్య దాకా చూపించాడు. కొత్త నిబంధనలో అపొస్తలుడైన పౌలు గలతీ పత్రికలో ఇష్మాయేలు ఇస్సాకును హింసించాడనే అన్నాడు, కానీ ఆ కథను అలంకారరూపంగా చెబుతున్నానని తానే ముందుగా చెప్పాడు.

కుర్రవాడు చేసిందేమిటో మూలం తేల్చలేదు. శారా కోరింది మాత్రం తేటగా ఉంది: నా కొడుకుతో పాటు వాడికి వారసత్వం ఉండకూడదు. మీ అమ్మగారి మనసులో కూడా ఆస్తి పంపకాల దిగులుంటే దాన్ని ఆ పేరుతోనే మీ వారి ముందు పెట్టండి. పిల్లవాడి నవ్వు మీద పెట్టకండి.

శారా మాట వినమని దేవుడే అన్నాడు కదా అని మీరు అడగవచ్చు. అన్నాడు, దాచడం నాకిష్టం లేదు. కానీ అది అబ్రాహాముకిచ్చిన వాగ్దానం ఎవరి సంతానం ద్వారా సాగుతుందో చెప్పిన సందర్భం, ప్రతి ఇంటికీ ఇచ్చిన ఆజ్ఞ కాదు. అదే నోట ఆ కుర్రవాణ్ని కూడా ఒక జనముగా చేస్తానన్నాడు. తల్లితో పాటు పంపేశాక ఎడారిలో నీళ్లు అయిపోయినప్పుడు ఆ పిల్లవాడి మొర విన్నాడు. అబ్రాహాముకు కొడుకు విషయంలో ఎంతో దుఃఖం కలిగిందని అక్కడే రాసి ఉంది. మీ వారి మౌనాన్ని ఒప్పుకోలు అనుకోకండి.

ఇక మీ ఇంటి సంగతి. ఈ వారం రోజులూ పిల్లలిద్దరూ ఆడే గదిలోనే కూర్చోండి. మధ్యలో కలగజేసుకోకండి. పెద్దవాడు తిప్పడం ఆపగానే బాబు చేతులు చాచి మళ్లీ అడుగుతాడా, మీ కొంగు చాటుకు వస్తాడా? బాబు ఏడ్చినప్పుడు పెద్దవాడు కిందికి దించి బుజ్జగిస్తాడా, ఇంకా నవ్వుతాడా? మూడేళ్ల పిల్లలు ఆటలో కూడా ఏడుస్తారు. ఒక్కసారి ఏడ్చాడని తీర్పు చెప్పకండి. బాబు ఒంటి మీద గిల్లిన గుర్తులు, పెద్దవాడి అడుగుల చప్పుడుకే బెదరడం లాంటివి కనిపిస్తే అది వేరే సంగతి. అప్పుడు ఇద్దరినీ ఒంటరిగా వదలకండి, మీ వారితో కలిసి పెద్దవాణ్ని పిల్లల మానసిక వైద్యుల దగ్గరకు తీసుకెళ్లండి. అది కూడా శిక్షలా కాకుండా.

మరో మాట, నొచ్చుకోకండి. మీ ఉత్తరంలో మీ కొడుకు ‘మా బాబు’, పెద్దవాడు ‘ఆమె కొడుకు’. ఆదికాండము 21లో ఎక్కడా ఇష్మాయేలు పేరు లేదు, శారా నోట కూడా వాడు ‘ఈ దాసి కుమారుడు’ మాత్రమే. తల్లి పోయిన పిల్లలు పిలుపులో తేడాను ఇట్టే పట్టేస్తారు. ఇంట్లో వాణ్ని పేరు పెట్టి పిలవండి, బాబు చేత ‘అన్నా’ అనిపించండి.

హాస్టల్ చెడ్డదని నేననను. వాడు తనంతట అడిగితే, చదువు కోసమైతే, తండ్రి దగ్గరుండి చేర్పిస్తే పంపండి. ఇప్పుడు ఈ కారణంతో పంపితే మాత్రం వాడు ఇంటిని రెండోసారి పోగొట్టుకుంటాడు. ముందు మీ వారిని ఒంటరిగా కూర్చోబెట్టి, మీ అమ్మగారి మాట ప్రస్తావన లేకుండా, మీ భయం ఏమిటో మీ మాటల్లో చెప్పండి.