పశువుల లెక్క, పాల లెక్క

ప్రశ్న: పశుగణన చూస్తే దేశంలో ఆవులూ గేదెలూ పెద్దగా పెరిగినట్టు లేదు. పాలు మాత్రం ఏటా పెరుగుతున్నాయంటారు. ఇదెలా కుదురుతుంది?
– ఒక పాఠకుడు, నల్గొండ

జవాబు: కుదురుతుంది. 2012లో 19.09 కోట్లున్న ఆవుజాతి పశువులు 2019 గణనకు 19.25 కోట్లయ్యాయి. గేదెజాతి 10.87 కోట్ల నుంచి 10.98 కోట్లకు చేరింది. రెండింటిలోనూ పెరుగుదల ఒక శాతం దగ్గరే. కానీ మంద లోపలి పొందిక మారిపోయింది. ఆవుజాతిలో మగవి 30 శాతం తగ్గాయి, ఆడవి 18 శాతం పెరిగాయి. ట్రాక్టరు వచ్చాక ఎడ్ల జతను ఏడాది పొడుగునా మేపేవాళ్లు తగ్గారు, ఆ గడ్డి పాడి పశువుకు పోయింది. సంకరజాతి, విదేశీజాతి పశువులు పావువంతుకు పైగా పెరిగి 5 కోట్లు దాటాయి. నాటు పశువులు 6 శాతం తగ్గాయి. పాలు 2012-13లో 13.2 కోట్ల టన్నులు, 2019-20లో 19.8 కోట్లు, 2023-24లో 23.9 కోట్లు.

ఇక్కడ ఒకటి గుర్తుపెట్టుకోవాలి. పశుగణన ఇంటింటికీ తిరిగి చేసే లెక్క, పాలది అంచనా. ఏడాదిని ఎండాకాలం, వానాకాలం, చలికాలం అని మూడుగా విడదీసి, ఎంచుకున్న ఊళ్లలో పశువుల పాలు తూచి, వచ్చిన సగటును పాలిస్తున్న పశువుల సంఖ్యతో హెచ్చవేస్తారు. పాల కేంద్రంలో పోసిన పాలతో పాటు ఇంట్లో తోడేసుకున్నవీ అందులో ఉంటాయి. డెయిరీ రసీదులతో పోల్చి ‘లెక్క తప్పు’ అనడం అందుకే కుదరదు.

ప్రశ్న: 2023-24లో గేదె పాలు 16 శాతం పడిపోయాయని, నాటు ఆవుల పాలు 45 శాతం దాకా పెరిగాయని చదివాను. నిజంగానే గేదెలు పోతున్నాయా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: ప్రభుత్వం ఇచ్చిన అంకెలు అవే. కానీ గేదె పెయ్య పుట్టి, ఎదిగి, ఈని పాలివ్వడానికి మూడున్నర నాలుగేళ్లు పడుతుంది, నాటు ఆవు పెయ్యకు కూడా రెండున్నరేళ్లకు తక్కువ కాదు. ఒక్క ఏడాదిలో నాటు ఆవుల పాలు సగం దాకా పెరగడం పశువు ఒంటి లెక్కకు అందదు. ఇలాంటి గంతును లెక్కల సర్దుబాటుగానే చూడాలని మా అభిప్రాయం. 21వ పశుగణన 2024 అక్టోబరులో మొదలైంది, దాని అంకెలతో సరిచూసేదాకా మొత్తం పాల అంకెనే నమ్మండి.

ప్రశ్న: నాకు పది ముర్రా గేదెలున్నాయి. ఎప్పుడు చూసినా ఐదింటికి మించి పాలివ్వవు. ఇంకో రెండు కొనమంటారా?
– ఒక రైతు, తెనాలి

జవాబు: కొనవద్దు. ఉన్నవాటి ఈతకూ ఈతకూ మధ్య ఎడం ఎంతో ముందు చూసుకోండి. గేదె పది నెలలు పాలిస్తుందనుకుందాం. 14 నెలలకోసారి ఈనితే పదింటిలో ఏడు పాల మీద ఉంటాయి. 18 నెలలైతే ఐదారే. ఈతకు 2,000 లీటర్లిచ్చే గేదె మొదటి లెక్కన ఏడాదికి 1,700 లీటర్ల పైన, రెండో లెక్కన 1,330 దగ్గర ఇస్తుంది. పది గేదెల మీద తేడా 3,800 లీటర్లు. మీరు కొనాలనుకున్న రెండు గేదెలు ఏడాదికిచ్చే పాల కంటే ఇవే ఎక్కువ. వాటికి మేత కూడా పెట్టే పని లేదు.

గేదె చూడి కాలం సుమారు 310 రోజులు. 14 నెలలకు ఈనాలంటే ఈనిన 115 రోజుల్లోపు చూడి కట్టాలి. మొదటి 60 రోజులు గర్భసంచి కోలుకోవడానికి వదిలేస్తే, 21 రోజులకోసారి వచ్చే ఎదల్లో మీ చేతిలో ఉండేవి రెండో మూడో. ఒకటి తప్పిపోతే మూడు వారాలు పోయినట్టే. ఎక్కువగా తప్పేది ఎండాకాలంలో, మూగ ఎద వల్ల. అరుపు ఉండదు, పక్క గేదె మీదికి ఎక్కడం ఉండదు. తెల్లవారుజామున, రాత్రి పడుకోబోయే ముందు లైటు వేసి చూడండి: తోక కింద గాజులాంటి జిగురు తీగ, మాటిమాటికీ కొంచెం కొంచెం మూత్రం, ఆ పూట పాలు తగ్గడం, దాణా దగ్గర పరధ్యానం. పొద్దున ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున సూది (కృత్రిమ గర్భధారణ) వేయించండి. గడ్డకట్టించిన వీర్యం ఉండే నాళికను 37 డిగ్రీల నీళ్లలో 30 సెకన్లు ఉంచి, తుడిచి, వెంటనే వాడాలి. చేత్తో నలిపి, చొక్కా జేబులో పెట్టుకుని వెచ్చబరిచేవాళ్లుంటే ఆపించండి. ‘సూది నిలవడం లేదు’ అనే ఫిర్యాదుల్లో కొన్ని అక్కడే పుడతాయి.

మళ్లీ ఎదకు రాలేదు కాబట్టి చూడి కట్టిందని అనుకోవద్దు. 60 నుంచి 90 రోజుల మధ్య డాక్టరు చేత చూపించండి. కొట్టం గోడ మీద సుద్దతో ప్రతి గేదెకూ నాలుగు తేదీలు రాయండి: ఈనినది, ఎదకొచ్చినది, సూది వేసినది, చూడి పరీక్ష.

మేత సంగతి: ఒంటి పోషణకు రెండు కిలోల దాణా, ఆపైన ప్రతి రెండు లీటర్ల పాలకు ఒక కిలో, రోజుకు 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం. వరిగడ్డి ఒక్కదాని మీదే ఉంచితే ఎద రాదు, పాతిక కిలోల పచ్చిమేత ఉండాలి. ఈనడానికి రెండు నెలల ముందు పాలు తీయడం ఆపి, దాణా కిలోన్నర పెంచండి. పాలివ్వడం లేదని అప్పుడే దాణా కోసేస్తారు, దాని దెబ్బ వచ్చే ఈత మీద పడుతుంది.

ప్రశ్న: అమెరికాలో ఆవులు తగ్గినా పాలు పెరిగాయట. మనమూ మందను తగ్గించుకోవచ్చా?
– ఒక పాఠకుడు, డాలస్

జవాబు: 1944లో అక్కడ 2.56 కోట్ల పాడి ఆవులుండేవి, ఇప్పుడు 95 లక్షల దరిదాపు. పాలు మాత్రం దాదాపు రెట్టింపు. 2023లో ఆవుకు సగటున పది వేల కిలోలు దాటింది. కానీ అక్కడ ఆ పాల వెనక మొక్కజొన్న, అల్ఫాల్ఫా అనే పశుగ్రాసం సాగయ్యే భూమి ఉంది, పాలు తగ్గిన ఆవును వెంటనే తీసేసే వ్యాపారమూ ఉంది. మన దగ్గర రెండు గేదెల ఇల్లు పంట వ్యర్థాలతో నడుస్తుంది. పశువుకు దిగుబడి పెంచుకోవచ్చు గానీ అంకెను నకలు చేయలేం.

ప్రశ్న: ఆడదూడలే పుట్టే వీర్యం అన్ని ఆవులకూ వేయించవచ్చా?
– ఒక మహిళా రైతు, మదనపల్లె

జవాబు: వద్దు. ఆడదూడ పుట్టే అవకాశం 90 శాతం దాకా ఉంటుంది. కానీ ఆ నాళికలో వీర్యకణాలు మామూలు దానికంటే బాగా తక్కువ, అందుకే నిలిచే అవకాశమూ తక్కువ. సరైన బరువుకొచ్చి ఎద క్రమంగా వస్తున్న పెయ్యలకు, మొదటి రెండు ఈతల ఆరోగ్యమైన ఆవులకు వాడండి. మళ్లీమళ్లీ పొర్లే (సూది నిలవక తిరిగి ఎదకొచ్చే) ఆవుకు వాడితే డబ్బూ పోతుంది, ఎదా పోతుంది. దానికి ముందు గర్భసంచి పరీక్ష చేయించండి.