ఇంట్లోనే ఉంటాను... కానీ ఎవరికీ దొరకను

నాకు 36 ఏళ్లు. హైదరాబాద్‌లోని ఒక ఐటీ కంపెనీలో ఉద్యోగం. 2020 లాక్‌డౌన్‌లో తణుకులో అమ్మానాన్నల దగ్గరికి వచ్చి, ఇక్కడే ఉండిపోయాం. నా భార్య ఇక్కడే స్కూల్లో టీచర్. మధ్యాహ్నం మొదలైన పని అమెరికా వాళ్ల మీటింగులతో అర్ధరాత్రి దాటుతుంది. ఆర్టీసీ కండక్టర్‌గా రిటైరైన నాన్న ఏ వేళప్పుడైనా బ్యాంకుకనో గ్యాస్ బండకనో పంపిస్తారు. పనుందంటే ‘ఇంట్లోనేగా ఉన్నావ్’ అంటారు. నాతో చేరినవాళ్లకు ప్రమోషన్లు వచ్చాయి, నాకు రాలేదు. నిద్ర పట్టడం లేదు. మొన్న మీటింగ్‌లో ఉండగా గదిలోకి వచ్చిందని ఐదేళ్ల పాప మీద గట్టిగా అరిచాను. అప్పటినుంచి గుమ్మం దగ్గరే ఆగి, ‘నాన్నా, మ్యూట్‌లో ఉన్నావా?’ అని అడుగుతోంది. హైదరాబాద్ వెళ్లిపోవడమే మంచిదా?

సలహా: ముందు మీ నాన్నగారి సంగతి. ఆయన ఉద్యోగంలో డ్యూటీ అంటే ఖాకీ చొక్కా వేసుకుని డిపోకి వెళ్లడం. చివర్లో డబ్బు లెక్క అప్పజెప్పాక ఇంటికి రావడం. లుంగీ మీద చొక్కా తొడుక్కుని గదిలో కూర్చున్న కొడుకు డ్యూటీలో ఉన్నాడని ఆయనకెలా తెలుస్తుంది? వర్క్ ఫ్రమ్ హోమ్ గురించి ఉపన్యాసాలొద్దు. ‘రెండింటికి డ్యూటీ ఎక్కితే పదకొండుకు దిగుతాను నాన్నా’ అనండి. సర్వీసు మధ్యలో కండక్టర్‌ని గ్యాస్ బండకు పంపరని ఆయనకు ఒకరు చెప్పాలా! బయటి పనులన్నీ వారంలో రెండు ఉదయాలకు పెట్టుకుని, మీరే అడిగి మరీ చేయండి. ఆయనకూ పెద్దరికం మిగులుతుంది.

అయితే పదకొండుకు నిజంగా దిగాలి. ఆఫీసుకు వెళ్లే రోజుల్లో క్యాబ్ టైమ్ అయిందని లేచేవాళ్లు. ఇప్పుడు లేపేవాళ్లు లేరు కాబట్టి ‘ఈ ఒక్క మెయిల్’ అంటూ ఒంటిగంట చేస్తున్నారు. ల్యాప్‌టాప్ మూసి బ్యాగులో పెట్టి, జిప్ వేసేయండి. చాదస్తంగా అనిపించినా, పడగ్గదిలో అది తెరిచి ఉన్నంతసేపు నిద్ర రాదు. ఇంకోటి. నవంబరులో అమెరికాలో గడియారం గంట వెనక్కి జరిగితే, అక్కడి తూర్పు తీరంలో ఉదయం పదింటి మీటింగ్ మనకు ఏడున్నర నుంచి ఎనిమిదిన్నరకు మారుతుంది. సరిగ్గా పాప అన్నం వేళ. మీ భార్యకు ఆ సంగతి ముందే చెప్పారా? మార్చి దాకా ఎవరు తినిపించాలో ఇద్దరూ అనుకుంటే రోజూ చిరాకు ఉండదు.

ప్రమోషన్ విషయంలో మీ బాధ న్యాయమైనదే. కళ్లెదుట ఉన్నవాళ్ల పేరే మేనేజర్‌కు ముందు గుర్తొస్తుంది. అది అన్యాయమే, కానీ జరిగేది అదే. నెలకు రెండు మూడు రోజులు ఆఫీసుకు వెళ్లండి. అక్కడా హెడ్‌సెట్ పెట్టుకుని కూర్చుంటే వెళ్లీ దండగ. టీ తాగండి, నలుగురితో కబుర్లు చెప్పండి. మీకు ప్రమోషన్ కంటే ఆ కబుర్లే ఎక్కువ కరువయ్యాయని నా అనుమానం. ఆఫీసుకు వెళ్లలేని నెలలో చేసిన పనులు నాలుగు లైన్లలో రాసి మేనేజర్‌కు పంపండి. గొప్పలు చెప్పుకున్నట్టు ఉంటుందేమోనని మొహమాటపడకండి.

ఇవన్నీ చేసినా రెండు వారాలు నిద్ర లేకపోతే, దేనిమీదా మనసు పోకపోతే డాక్టర్‌ని కలవండి. మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 కు ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు. ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.

హైదరాబాద్ మాట ఇప్పుడే వద్దు. భార్య ఉద్యోగం, పెద్దవాళ్ల ఆరోగ్యం, అక్కడి అద్దె ఉన్నాయి. ఆరు నెలలు ఇలా గడిపాక, ఆవిడతో కలిసి తేల్చుకోండి.

ఇక పాప. అరిచింది మీరు కాబట్టి, సారీ చెప్పాల్సిందీ మీరే. ఐదేళ్ల పిల్లకు అర్థమవుతుంది. ఈసారి గుమ్మం దగ్గర ఆగి అడిగినప్పుడు, నిజంగా మ్యూట్‌లోనే ఉంటే, హెడ్‌సెట్ తీసి టేబుల్ మీద పెట్టి పిలవండి.