టాంజానియాలో సింబా–యాంగా మ్యాచ్‌కి వెళ్ళొచ్చా? వెళ్ళండి, కానీ ఏదో ఒక జట్టుతో వరస కలుపుకుని వెళ్ళండి

మీరు అడిగింది ఇదీ: వలంటీర్‌గా ఏడాదిపాటు టాంజానియా వెళ్తున్నారు. అక్కడి తోటి టీచర్లు సింబా–యాంగా ఫుట్‌బాల్ మ్యాచ్‌కి తీసుకెళ్తామని ఇప్పటినుంచే వాట్సాప్‌లో ఊరిస్తున్నారు. మీకు ఆట ఓనమాలు కూడా తెలియవు. అంత జనంలోకి వెళ్ళడమేమిటని ఇంట్లోవాళ్ళు టెన్షన్ పడుతున్నారు.

మాది సామర్లకోట. నేను టాంజానియాలోని మొరొగొరో అనే ఊళ్ళో ఒక ప్రభుత్వ సెకండరీ స్కూల్లో వలంటీర్‌గా లెక్కలు చెప్పాను. 2023 నవంబరు 5న, ఆదివారం, దార్ ఎస్ సలామ్ అనే పెద్ద నగరంలో (అందరూ దార్ అంటారు) ఆ మ్యాచ్ చూశాను. అందుకే ధైర్యంగా చెప్తున్నాను, తప్పకుండా వెళ్ళండి. నాకు ఆ దేశంలో మనుషులు దగ్గరైంది ఆ రోజుతోనే.

యాంగా అంటే యంగ్ ఆఫ్రికన్స్. 1935లో పుట్టిన క్లబ్బు, రంగులు ఆకుపచ్చ, పసుపు. సింబా దానికన్నా ఏడాది చిన్నది, ఎరుపు, తెలుపు. ఒకప్పుడు దాన్ని సండర్లాండ్ అనేవారు, 1971లో సింబా అయింది. స్వాహిలీలో సింబా అంటే సింహమే. రెండూ దార్‌లోని కరియాకో అనే పెద్ద మార్కెట్ పేట జట్లే, కానీ వాటి అభిమానులు దేశమంతా ఉంటారు. మా స్కూల్లో అయితే స్టాఫ్‌రూమ్ నిలువునా రెండుగా చీలి ఉండేది. ఒకే ఇంట్లో భర్త సింబా, భార్య యాంగా అన్నవాళ్ళు నాకు తెలుసు.

నెట్‌లో చదివితే వీళ్ళని బద్ధ శత్రువులన్నట్టు రాస్తారు. వాళ్ళు వాడే మాట మాత్రం అది కాదు. "వతాని వా జాది" అంటారు, అంటే తరతరాలుగా మేలమాడుకునే వరసైనవాళ్ళు అని. అక్కడ కొన్ని తెగల మధ్య "ఉతాని" అని ఒక సంబంధం ఉంది. ఆ వరసైనవాళ్ళు ఒకరినొకరు ఎంత మాటైనా అనుకోవచ్చు, ఎవరూ తప్పుపట్టరు. చావు ఇంట్లో కూడా వాళ్ళే వచ్చి పనులందుకుంటారు, వేళాకోళం ఆడి ఏడుస్తున్నవాళ్ళని నవ్విస్తారు. మన పెళ్ళిళ్ళలో బావామరదుల ఎకసెక్కాలు, వియ్యాలవారి ఎత్తిపొడుపులు చూస్తూ పెరిగినవాళ్ళం కదా, మనకి ఇది ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ఎదుటి జట్టువాడిని "మ్తాని" అని పిలుస్తారు. ఆ పిలుపు మీ చెవిన పడినప్పుడు భయం సగం తగ్గిపోతుంది.

అందుకే నా మొదటి సలహా, "నేను ఏ జట్టూ కాదు, ఊరికే చూడ్డానికి వచ్చాను" అనకండి. మొదటి రెండు నెలలూ నేను అదే అన్నాను, మర్యాద అనుకుని. అలా అన్నప్పుడల్లా ఎదుటివాళ్ళకి నాతో మాట్లాడ్డానికి ఏమీ మిగిలేది కాదు. పైగా అక్కడ భారతీయులంటే తరతరాలుగా షాపులు పెట్టుకున్నవాళ్ళు, వాళ్ళ మానాన వాళ్ళుంటారు అనే అభిప్రాయం ఉంది. వీధిలో నన్ను "మ్హిందీ" అనే పిలిచేవారు, అంటే ఇండియా మనిషి అని. మా బయాలజీ టీచరు బలవంతం మీద నేను సింబా అని ఒప్పుకున్న రోజు నుంచి కూరగాయలమ్మే ఆవిడకి కూడా నాతో ఏదో ఒక వరస కుదిరింది. సింబాకి పెట్టుబడి పెట్టిన మో డ్యూజీ భారతీయ సంతతివాడే కాబట్టి "మో మీకు మేనమామా, చిన్నాన్నా?" అని ఆరా తీసేవారు.

ఇక టైము సంగతి, ఇది గుర్తుపెట్టుకోండి. స్వాహిలీ గడియారం పొద్దున్న ఆరింటి నుంచి లెక్క. వాళ్ళు "సాయంత్రం పదకొండింటికి మ్యాచ్" అంటే మన ఐదింటికి అని. ఎప్పుడూ ఆరు గంటలు తేడా వేసుకోండి.

మొరొగొరో నుంచి దార్ దాదాపు 190 కిలోమీటర్లు. తెల్లవారుజామున బస్సెక్కాం. ఎర్ర చొక్కాలు, పచ్చ చొక్కాలు కలిసే కూర్చున్నారు, దారి పొడుగునా మాటలు విసురుకుంటూనే ఉన్నారు. మా లెక్కల హెడ్ యాంగా మనిషి. నేను తెలియక పసుపు చున్నీ వేసుకొస్తే, "చూశారా, మ్వాలిము మనసు మా దగ్గరే ఉంది" అని బస్సంతా వినబడేలా అన్నారు. మ్వాలిము అంటే టీచరు. మా బయాలజీ టీచరు ఆ చున్నీ తీసి తన సంచిలో కుక్కేసి, తన భుజాల మీది ఎర్ర కంగా గుడ్డ నాకు కప్పింది. చలింజెలో బస్సు ఆగితే కిటికీల దగ్గరికి జీడిపప్పు పొట్లాలు వచ్చాయి. పచ్చ చొక్కా ఆయన కొని ఎర్ర చొక్కాల వాళ్ళకి కూడా పంచాడు.

బెంజమిన్ మ్కాపా స్టేడియం 2007లో తెరిచారు, 60,000 మంది పడతారు. చౌక టికెట్లుండే గ్యాలరీని మ్జుంగుకో అంటారు. మేము అక్కడే కూర్చున్నాం. మీరూ అక్కడికే వెళ్ళండి, వీఐపీ టికెట్ కొంటే ఈ సంబరం దూరం నుంచి చూడాల్సి వస్తుంది. మధ్యాహ్నం పన్నెండున్నరకే చేరినా గేటు దగ్గర తోపులాట తప్పలేదు. నిజంగా భయపడింది అక్కడే. ముందుకూ వెనక్కూ కదల్లేని స్థితిలో నా కుడికాలి చెప్పు ఊడిపోయింది. వంగితే తొక్కేస్తారు, వంగలేదు. కాసేపటికి ఎక్కడో వెనక నుంచి ఆ చెప్పు తలల మీదుగా చేతులు మారుతూ వచ్చింది. చివర అందించినవాడు పచ్చ జెర్సీ కుర్రాడు. నా ఎర్ర గుడ్డ చూసి "పోలే, మ్తాని" అన్నాడు. పోలే అంటే అయ్యో పాపం అని. కాబట్టి వెనక పట్టీ ఉన్న బూట్లే వేసుకోండి. పెద్ద బ్యాగు వద్దు. డబ్బు రెండు చోట్ల పెట్టుకోండి, ఫోను లోపలి జేబులో. తప్పిపోతే ఎక్కడ కలవాలో ముందే అనుకోండి, లోపల ఫోన్లు పనిచేస్తాయని నమ్ముకోవద్దు.

లోపల నాలుగు గంటలు ఎండలో కూర్చున్నా విసుగు రాలేదు. వేయించిన కర్రపెండలం ముక్కల మీద ఉప్పు, కారం చల్లి కాగితంలో ఇస్తారు. మా ఊరి చుట్టుపక్కల కర్రపెండలం సగ్గుబియ్యం మిల్లుకి పోవడమే చూశాను కానీ ఇంత రుచిగా ఉంటుందని అక్కడే తెలిసింది. బాకాలు, డప్పులు. మా వైపు "న్గువు మోజా" అని అరిస్తే, అంటే ఒక్కటే బలం అని, అటువైపు నుంచి "దైమా మ్బెలే, న్యుమా మ్వికో" అని జవాబు. ఎప్పుడూ ముందుకే, వెనకడుగు నిషిద్ధం అని దాని అర్థం.

మూడో నిమిషంలోనే యాంగా గోల్ కొట్టింది. తొమ్మిదో నిమిషంలో సింబా సమం చేసింది. అప్పుడు నా ముందు వరసలోని పెద్దావిడ ఒకామె వెనక్కి తిరిగి, నేనెవరో తెలియకుండానే నన్ను గట్టిగా వాటేసుకుంది. ఆవిడ గాజు నా భుజానికి గుచ్చుకున్న గుర్తు రెండు రోజులుంది. విరామం దాకా 1–1. రెండో సగంలో నాలుగు గోల్స్, అన్నీ యాంగావే. 5–1. నాలుగోది పడ్డాక మా గ్యాలరీలో జనం లేచి మాట్లాడకుండా మెట్లు దిగిపోవడం మొదలుపెట్టారు. బయాలజీ టీచరు రెండు చేతులూ తల మీద పెట్టుకుని కూర్చుండిపోయింది. నాకు ఆటలో ఆఫ్‌సైడ్ అంటే కూడా సరిగ్గా తెలియదు, అయినా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అయిపోగానే బయటికి పరుగెత్తకండి. అరగంట ఆగితే గుంపు పలచబడుతుంది. ఆ రాత్రి దార్‌లోనే ఉండేలా గది ముందే చూసుకోండి, చీకట్లో దూరప్రయాణం వద్దు. మా బస మాత్రం లెక్కల హెడ్ గారి అక్కగారింట్లో. గేటు బయట ఆయన మా కోసం ఎదురుచూస్తూ నిలబడి ఉన్నారు. దారిలో ఒక్క మాట అనలేదు. ఇంటికెళ్ళి మాకు భోజనం వడ్డించాక, నీళ్ళ గ్లాసు ఇటు జరిపి, కుడిచేతి ఐదు వేళ్ళూ విప్పి చూపించారు. ఇల్లంతా నవ్వులు.

మర్నాడు మధ్యాహ్నం స్కూలుకి చేరేసరికి నా క్లాసు నల్లబల్ల మీద పెద్ద అక్షరాలతో 5 − 1 = ? అని రాసి ఉంది. నలభై మందీ ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. సుద్దముక్క తీసుకుని 4 వేశాను. బల్లలు బాదిన చప్పుడికి పక్క క్లాసు టీచరు పరుగెత్తుకొచ్చింది.

సాయంత్రం టీ కోసం స్కూలు గేటు దగ్గరి మామా లిషే, అంటే తిండి వండి అమ్మే ఆవిడ, బండికి వెళ్ళాను. ఆవిడ యాంగా. రోజూలాగే రెండు చపాతీలు అడిగాను. పళ్ళెంలో ఐదు పెట్టి నా ముందు జరిపింది, "పోలే సానా" అంటూ. డబ్బులు మాత్రం రెండింటికే తీసుకుంది.