అనాన్సీ కథలు తరగతిలో చెప్పాలనుకుంటే మిస్ లూతో మొదలుపెట్టండి

బర్మింగ్‌హామ్‌లోని ఒక ప్రాథమిక పాఠశాలలో ఈ ఏడాదే చేరానని, మీ తరగతిలో జమైకా మూలాలున్న పిల్లలు ఎక్కువగా ఉన్నారని, వారికి ఏ కరీబియన్ రచయిత పుస్తకాలు చదివించాలో, జానపద కథలను పాఠంలోకి ఎలా తీసుకురావాలో చెప్పమని అడిగారు. దక్షిణ లండన్‌లో పదకొండేళ్లుగా తొమ్మిది, పదేళ్ల పిల్లలకు చదువు చెబుతున్నాను కనుక నా అనుభవంలోంచి ఈ సమాధానం రాస్తున్నాను.

లూయీస్ బెన్నెట్‌తో మొదలుపెట్టండి. 1919లో కింగ్‌స్టన్‌లో పుట్టి 2006లో టొరంటోలో కన్నుమూసిన ఈమెను జమైకా అంతా ‘మిస్ లూ’ అని పిలుచుకుంది. జమైకా ప్రజలు ఇళ్లలో మాట్లాడుకునే పాట్వాను చదువుకున్నవారు చెడిపోయిన ఇంగ్లీషుగా చిన్నచూపు చూస్తున్న కాలంలో, ఆమె ఆ భాషలోనే కవితలు రాశారు, దాన్నే రంగస్థలం మీదికి తెచ్చారు. 1970 నుంచి 1982 వరకు ‘రింగ్ డింగ్’ అనే టెలివిజన్ కార్యక్రమంలో పిల్లల మధ్య కూర్చుని ఆ భాషలోనే పాటలు పాడించారు, కథలు చెప్పారు. అనాన్సీ అనే సాలీడు కథలతో ఆమె పుస్తకం ‘అనాన్సీ అండ్ మిస్ లూ’ 1979లో వచ్చింది. ఆ కథలు నోటితో చెప్పడానికి రాసినవి, మౌనంగా చదివితే సగమే అందుతాయి.

ఈ సంగతి నాకు మొదట్లో తెలియలేదు. మొదటి ఏడాది ఒక అనాన్సీ కథ తీసుకుని, అందులోని పాట్వా మాటలన్నిటినీ పాఠ్యపుస్తకపు ఇంగ్లీషులోకి మార్చి, కాగితాల మీద అచ్చువేసి పిల్లలకు పంచాను. చదవడం అయిపోగానే, చిన్నప్పటి నుంచి వచ్చిన అలవాటు కొద్దీ, ఈ కథలోని నీతి ఏమిటని అడిగాను. మోసం చేయకూడదని ఇద్దరు ముగ్గురు చెప్పారు. కథలో మాత్రం మోసం చేసినవాడే గెలిచాడు. వెనుక వరుసలో ఒక అబ్బాయి తనలో తాను ఏదో గొణుక్కుంటుంటే ఏమిటని అడిగాను. ‘జాక్ మండోరా, మీ నో చూజ్ నన్’ అన్నాడు. వాళ్ల నానమ్మ కథ చెప్పినప్పుడల్లా చివర ఆ మాట అనాలట, అనకపోతే కథ పూర్తయినట్టు కాదట. ఆ మాట నేను అంతకుముందు విననే లేదు.

‘జాక్ మండోరా, నేను దేన్నీ ఎంచుకోలేదు’ అని ఆ మాటకు అర్థం. అలా ఎందుకు అనాలో మిస్ లూ స్వయంగా వివరించారు. జాక్ మండోరా స్వర్గ ద్వారం దగ్గర కాపలా ఉండేవాడు. అనాన్సీ అప్పుడప్పుడు చాలా చెడ్డ పనులు చేస్తాడు కనుక, ఆ పనులను తాము మెచ్చుకోవడం లేదని ఆ కాపలాదారుకు తెలియజేయడానికి తన చిన్నతనంలో పిల్లలందరూ కథ చివర ఆ మాట చెప్పవలసి వచ్చేదని ఆమె అన్నారు. మన ‘కథ కంచికి, మనం ఇంటికి’ అనే మాట కూడా వినేవారిని కథలోంచి బయటికి తీసుకొస్తుంది, కానీ కథలో జరిగిన దానికి మన పూచీ లేదని చెప్పే పని జమైకా మాటే చేస్తుంది. అందుకే నీతి ఏమిటని అడగడం ఆ రోజుతో మానేశాను. జాక్ మండోరా ఎదుట నిలబడితే అనాన్సీ ఏ పనికి సంజాయిషీ చెప్పుకోవాలి, ఏ పనికి చెప్పుకోనక్కరలేదు అని అడుగుతాను. ఈ ప్రశ్న మీద పిల్లలు అరగంట సేపు వాదించుకోవడం చూశాను.

ఆ వాదనకు చరిత్ర కావాలి. ఇప్పటి ఘనా ప్రాంతంలోని అకాన్ ప్రజలను బానిసలుగా ఓడల్లో తరలించినప్పుడు వారితోపాటు ఈ సాలీడు కూడా జమైకా చెరకు తోటలకు చేరింది. 1838లో పూర్తి విముక్తి లభించేదాకా యజమానిని ఎదిరిస్తే కొరడా దెబ్బలు తప్పని మనుషులు, బలవంతుణ్ణి ఉపాయంతో లొంగదీసే అల్పజీవి కథలు చెప్పుకున్నారు. ఇది తెలిశాక అనాన్సీ చేసే మోసం పిల్లలకు ఇంకోలా కనిపిస్తుంది. అయినా అతన్ని వీరుడిగా నిలబెట్టకండి. సొంత ఇంటివారిని కూడా మోసగించే తిండిపోతు అతడు, పిల్లలు ఆ సంగతిని మీకంటే ముందే పట్టుకుంటారు.

భాష విషయంలో నా మాట కాస్త గట్టిగానే ఉంటుంది, ఎందుకంటే నేను నల్గొండ జిల్లాలో చదువుకున్నాను, ఇంట్లో మాట్లాడే తెలుగును బడిలో తప్పుగా దిద్దించుకున్నాను. దయచేసి పాట్వాను ‘సరిచేసి’ చదివించకండి. మాండలికాన్ని చంపాలనేవారికి జవాబుగా మిస్ లూ రాసిన ‘బ్యాన్స్ ఓ కిల్లింగ్’ అనే కవితలో, అలాగైతే ఇంగ్లండ్‌లోని లాంకషైర్, యార్క్‌షైర్ యాసలను, స్కాట్లండ్ యాసను కూడా చంపవలసి వస్తుందని వాదించారు. తమకంటూ ఒక యాస ఉన్న బర్మింగ్‌హామ్ పిల్లలకు ఈ వాదన ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. మీకు ఆ ఉచ్చారణ రాకపోతే సిగ్గుపడకుండా పిల్లల నానమ్మలను, తాతయ్యలను తరగతికి పిలవండి. ఆ అబ్బాయి నానమ్మ ఇప్పటికి మూడుసార్లు వచ్చి మా పిల్లలకు కథ చెప్పారు, నేను కూడా పిల్లలతో కలిసి కింద కూర్చుని విన్నాను.

పిల్లలు స్వయంగా చదువుకోవడానికి జమైకా కవి జేమ్స్ బెర్రీ రాసిన ‘అనాన్సీ-స్పైడర్‌మాన్’ (1988) బాగుంటుంది. ఆండ్రూ సాల్కీ ‘అనాన్సీస్ స్కోర్’ (1973) పెద్దల కోసం రాసినది, దాన్ని మీరు చదువుకోండి.

మొదటి పాఠానికి మాత్రం, తరువాతి కాలంలో వెస్టిండీస్ విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్ అయిన ఫిలిప్ షెర్లాక్ 1954లో ప్రచురించిన పుస్తకంలోని పాము కథను ఎంచుకోండి. అడవిలో పులి పేరు మీద ఉన్న కథలు ఇకపై తన పేరు మీద ఉండాలని అనాన్సీ పులిని అడుగుతాడు. పామును ప్రాణాలతో కట్టి తెస్తే అలాగే కానిస్తానని పులి అంటుంది. ఉచ్చులు, గొయ్యి ఏవీ పనిచేయకపోతే, నువ్వు పొడవా వెదురు పొడవా అని పామును రెచ్చగొట్టి, కొలవడానికి వెదురు పక్కన పడుకోబెట్టి, తోక నుంచి తల దాకా కట్టేస్తాడు. పశ్చిమ ఆఫ్రికాలో ఆ కథలు పులివి కావు, న్యామే అనే ఆకాశ దేవుడివి. జమైకాలోనూ అక్కడా కూడా పెద్దపులి లేదు గదా, మరి ఈ కథలోకి ఎలా వచ్చిందని మా తరగతిలో ఒక అమ్మాయి అడిగిన ప్రశ్నతో మరుసటి వారం పాఠమంతా గడిచింది. పుస్తకం మూసి ఈ కథను నోటితో చెప్పండి. ఒక పొడవాటి కర్ర, నాలుగు రిబ్బన్లు వెంట తీసుకెళ్తే పాము వేషం వేస్తామని పిల్లలే ముందుకు వస్తారు.