మ్యాక్ మినీకి ఏ ఎస్‌ఎస్‌డీ కొనాలి? కావలి తమ్ముడి సందేహం

ప్రశ్న: అన్నా, మాది కావలి. ఎమ్మెస్ చదవడానికి డల్లాస్ వచ్చి కొద్ది నెలలైంది. 256 జీబీ ఉన్న ఎం4 మ్యాక్ మినీ కొన్నాను. మా అక్క పెళ్ళికి స్టూడియో వాళ్ళు తీసిన వీడియోలు ఒకటిన్నర టీబీ దాకా పాత హార్డ్ డిస్క్‌లో ఉన్నాయి. వాటిని నేనే తీరిగ్గా ఎడిట్ చేద్దామనుకుంటున్నా. మ్యాక్‌లో చోటు చాలదు, బయట తగిలించే ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్ళెం లేకుండా చిప్‌లలో దాచే డ్రైవ్) కొనాలి. నా రూమ్మేటు బాగా వేగంగా పోయే థండర్‌బోల్ట్ 5 కనెక్షన్ ఉన్న ఎస్‌ఎస్‌డీయే కొనమంటాడు. ఇంకొకడు ఆన్‌లైన్‌లో 30 డాలర్లకి 16 టీబీ దొరుకుతుంటే అంత డబ్బు ఎందుకు పోస్తావంటాడు. స్పీడు కావాలి, డబ్బు దండగ కాకూడదు. సంక్రాంతికి ఊరెళ్ళేటప్పుడు నాన్నకి కూడా ఒక కాపీ తీసుకెళ్ళాలి. ఏది కొనమంటారు?

జవాబు: తమ్ముడూ, మాది కందుకూరు. పుట్టుకతో నెల్లూరు జిల్లా ఊరు, 1970లో ఒంగోలు జిల్లా పెట్టినప్పుడు అటు పోయింది, 2022లో మళ్ళీ కొన్నాళ్ళు నెల్లూరులోకి వచ్చింది. కాబట్టి నువ్వు మా వాడివే, మొహమాటం లేకుండా చెప్తాను.

ముందు ఆ 16 టీబీ సంగతి. అది మోసం. అలాంటి డబ్బా విప్పి చూస్తే లోపల ఒక చిన్న మెమరీ కార్డు ఉంటుంది. 16 టీబీ ఉన్నట్టు కంప్యూటర్‌కి అబద్ధం చెప్పేలా దాన్ని మార్చి అమ్ముతారు. ఫైళ్ళు ఎక్కిస్తూ పోతే పేర్లన్నీ బుద్ధిగా కనిపిస్తాయి. అసలు చోటు అయిపోయాక ఎక్కించినవి మాత్రం తెరవబోతే తెరుచుకోవు. అక్క పెళ్ళిలో తలంబ్రాల దాకా వచ్చి అప్పగింతలు మాయమైతే ఎవర్ని అడుగుతావు? మామూలు షాపుల్లో దొరికే అసలైన పోర్టబుల్ ఎస్‌ఎస్‌డీలు 4 టీబీ, మహా అయితే 8 టీబీ. వాటి ధర వందల డాలర్లు. రివ్యూలు వేలల్లో ఉన్నాయి కదా అంటావేమో, వేరే వస్తువుకి వచ్చిన రివ్యూలని తెచ్చి దీని కింద చూపించే అమ్మకందార్లున్నారు.

ఇక మీ రూమ్మేటు మాట. థండర్‌బోల్ట్ 5 మంచిదే, కానీ నీ కంప్యూటర్‌లో ఆ పోర్టు లేదు. అది ఎం4 ప్రో చిప్ ఉన్న మినీకి ఇచ్చారు. మామూలు ఎం4 మినీకి వెనక మూడు థండర్‌బోల్ట్ 4 పోర్టులు, ముందు రెండు యూఎస్‌బీ-సీ పోర్టులు ఉంటాయి. వెనకవి 40 జీబీపీఎస్ (సెకనుకి గిగాబిట్లు) దాకా పోతాయి, ముందువి 10 దగ్గరే ఆగుతాయి. చూడటానికి ఐదూ ఒకటే. సోమశిల నిండా నీళ్ళున్నా కావలి కాలువ కింద చేలోకి పారేది తూము పట్టినన్నే కదా, డ్రైవ్ ఎంత గొప్పదైనా పోర్టు, కేబుల్, డబ్బాలోని చిప్ ఈ మూడింటిలో ఏది చిన్నదైతే స్పీడు అంతే వస్తుంది. అందుకే కొనేముందు చూసుకోవాల్సింది డ్రైవ్ పెట్టె మీది అంకె కాదు, నీ కంప్యూటర్ వెనక ఉన్న పోర్టు.

ఆ అంకెల్లో ఇంకో తిరకాసు ఉంది. పోర్టు వేగం గిగాబిట్లలో చెప్తారు, డ్రైవ్ వేగం మెగాబైట్లలో రాస్తారు, ఎనిమిది బిట్లయితే ఒక బైటు. 10 జీబీపీఎస్ అంటే చేతికి వచ్చేది సెకనుకి సుమారు 1000 ఎంబీ. పాత 5 జీబీపీఎస్ పోర్టయితే 400 పైచిలుకు. 40 జీబీపీఎస్ దారిలో మంచి డ్రైవ్ పెడితే 3000 దాకా వస్తుంది. మీ స్టూడియో వాళ్ళిచ్చిన హార్డ్ డిస్క్ 120, 130 దాటడం కష్టం.

ఇప్పుడు లెక్క వేసుకో. 1 టీబీ కాపీ చేయడానికి 1000 ఎంబీ వేగంతో పదిహేడు నిమిషాలు, 3000 అయితే ఆరు నిమిషాల లోపు. అదే ఆ హార్డ్ డిస్క్ నుంచి తెచ్చుకునేటప్పుడు రెండు గంటల పైనే, ఎందుకంటే పంపే వైపు నెమ్మది. నువ్వు ఎంత ఖరీదైన ఎస్‌ఎస్‌డీ కొన్నా మొదటిసారి ఎక్కించడం ఒక నిమిషం కూడా తగ్గదు. ఒకటిన్నర టీబీ కాబట్టి రాత్రి పెట్టి పడుకో, పొద్దునకి అయిపోయి ఉంటుంది.

మరి ఎడిటింగ్‌కి ఎంత కావాలి? ఫోనులో తీసిన 4కే వీడియో సెకనుకి 10 ఎంబీ కూడా అడగదు. పెళ్ళి కెమెరాల ఫుటేజి మామూలుగా పదిహేను నుంచి యాభై ఎంబీ మధ్య ఉంటుంది. ఐఫోన్‌లో అదే 4కేని ప్రోరెస్‌లో (ఎడిటింగ్ కోసం తక్కువగా కుదించే ఫార్మాట్) తీస్తే నిమిషానికి 6 జీబీ, అంటే సెకనుకి 100 ఎంబీ. మూడు కెమెరాల వీడియోలు పక్కపక్కన పెట్టుకుని కోసినా 1000 ఎంబీ డ్రైవ్‌కి అది పెద్ద పని కాదు. నీ ఎడిటింగ్ ఆగిందంటే చాలాసార్లు కారణం డ్రైవ్ కాదు, ఆ వీడియోని విప్పి చూపించే పని ప్రాసెసర్‌కి భారమై ఉంటుంది. కాబట్టి నీకు 10 జీబీపీఎస్ ఎస్‌ఎస్‌డీ చాలు, 2 టీబీ తీసుకో. ఒకటిన్నర టీబీ ఫుటేజికి 2 టీబీలో కాస్త ఊపిరాడుతుంది, 1 టీబీలో పట్టదు. మిగిలిన డబ్బుతో రెండో కాపీకి ఇంకో డిస్క్ కొను. ఒకే డ్రైవ్‌లో ఉన్న పెళ్ళి వీడియో ఉన్నా లేనట్టే లెక్క.

40 జీబీపీఎస్ ఎవరికి పనికొస్తుందంటే, రోజంతా ప్రోరెస్‌తోనో ముడి (రా) ఫుటేజితోనో పనిచేసే వాళ్ళకి, బయటి డ్రైవ్ మీదే వర్చువల్ మెషీన్లు (కంప్యూటర్ లోపల నడిచే ఇంకో కంప్యూటర్), పెద్ద సాఫ్ట్‌వేర్లు నడిపేవాళ్ళకి. 2024లో మినీ వచ్చినప్పుడు ఆపిల్ వాళ్ళు 256 నుంచి 512 జీబీకి మారడానికే 200 డాలర్లు అడిగారు. అందుకని లోపల తక్కువ కొని, వెనక పోర్టుకి మంచి డ్రైవ్ తగిలించుకునే వాళ్ళు చాలామంది ఉన్నారు, అది తెలివైన పనే.

షాపులో 20 జీబీపీఎస్ అనీ, 2000 ఎంబీ అనీ రాసినవి కనిపిస్తాయి. శాంసంగ్ టీ9 ఆ రకమే. ఇక్కడ జాగ్రత్త. అవి వాడేది యూఎస్‌బీ 3.2 జెన్ 2 బై 2 అనే పద్ధతి, నీ మ్యాక్‌కి అది తెలియదు. తగిలిస్తే పనిచేస్తుంది గానీ 10 జీబీపీఎస్‌కే దిగిపోతుంది. పోర్టు 40 ఉంది కదా 20 రాకుండా ఎట్టా పోతుందని వాదించే వాళ్ళున్నారు, కానీ అవి రెండూ వేరే పద్ధతులు. అందుకని ఆ అదనపు డబ్బు పెట్టొద్దు, వాళ్ళదే 10 జీబీపీఎస్ టీ7 తరగతిదైతే సరిపోతుంది.

కేబుల్ సంగతి చాలామంది పట్టించుకోరు. ఫోను ఛార్జింగ్ కేబుల్ కూడా సీ టు సీయే, డ్రైవ్‌కి సరిగ్గా సరిపోతుంది. కానీ వాటిలో ఎక్కువ భాగం లోపల యూఎస్‌బీ 2 తీగలే, ఐఫోన్ 15 పెట్టెలో వచ్చిన కేబుల్ కూడా అంతే. దాంతో పెడితే సెకనుకి 40 ఎంబీ దాటదు, 1 టీబీకి ఏడు గంటలు పడుతుంది. డ్రైవ్ చెడిపోయిందని వాపసు ఇచ్చేసేవాళ్ళలో కొందరి కథ ఇదే. డ్రైవ్‌తో వచ్చిన పొట్టి కేబుల్‌నే వాడు, దాని మీద రంగు టేపు ఒకటి చుట్టి పెట్టుకో. లేకపోతే రూమ్మేటు ఛార్జింగ్‌కి తీసుకెళ్తాడు.

రెడీమేడ్ కొనాలా, ఖాళీ డబ్బా కొని అందులో ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ (సన్నటి కార్డులా ఉండే వేగమైన రకం) పెట్టుకోవాలా? స్క్రూడ్రైవర్ పట్టుకోవడం ఇష్టమైతే రెండోదే మేలు. రేపు 4 టీబీ కావాలంటే లోపలి కార్డు మార్చుకుంటావు, డబ్బా అదే ఉంటుంది. అయితే 40 జీబీపీఎస్ డబ్బా ధర 10 జీబీపీఎస్ డబ్బాకి మూడు నాలుగు రెట్లు ఉంటుంది, వేడి కూడా బాగా ఎక్కుతుంది. డబ్బా బయటంతా అల్యూమినియం, లోపల చిప్‌కి దానికి మధ్య థర్మల్ ప్యాడ్ (వేడిని దాటించే మెత్తటి ముక్క) ఉండాలి. ముట్టుకుంటే వేడిగా ఉందంటే కంగారు పడకు, చిప్ వేడిని బయటికి తోస్తోందన్న మాట. సెకండ్ హ్యాండ్‌లో పాత థండర్‌బోల్ట్ 3 డబ్బాలు చౌకగా వస్తుంటాయి. వాటిలో కొన్ని మామూలు యూఎస్‌బీ పోర్టుకి పెడితే అసలు కనిపించవు. ఇంటికి తీసుకెళ్ళే ఉద్దేశముంటే వాటి జోలికి వెళ్ళకు.

ఎస్‌ఎస్‌డీ ఎంచుకునేటప్పుడు టీఎల్‌సీ, క్యూఎల్‌సీ అన్న మాటలు చూడు. చిప్‌లోని ఒక్కో మెమరీ గదిలో మూడు బిట్లు దాచేది టీఎల్‌సీ, నాలుగు దాచేది క్యూఎల్‌సీ. నాలుగు దాచేది చౌక, కానీ రాయడం నెమ్మది. ఆ నెమ్మది బయటపడకుండా దాదాపు ప్రతి డ్రైవ్‌లోనూ కొంత భాగాన్ని ఒక్క బిట్ పద్ధతిలో వేగంగా రాసే కాష్‌గా వాడతారు. పెట్టె మీద వేసిన వేగం ఆ కాష్ నిండనంత వరకే. పది జీబీ, ఇరవై జీబీ ఎక్కించినప్పుడు తేడా తెలియదు. నీలాగా వందల జీబీలు ఒక్కసారిగా పోసినప్పుడు క్యూఎల్‌సీ డ్రైవ్ పాత హార్డ్ డిస్క్ వేగానికి, ఒక్కోసారి అంతకన్నా కిందకి పడిపోతుంది. పైగా డ్రైవ్ నిండేకొద్దీ ఆ కాష్ చిన్నదవుతుంది. అందుకే 2 టీబీ డ్రైవ్‌లో పది పదిహేను శాతం ఎప్పుడూ ఖాళీగా ఉంచు. పెట్టె మీద ఏ రకమో రాయని డ్రైవ్‌ని, ధర మరీ తక్కువగా ఉంటే, క్యూఎల్‌సీ అనే అనుకో. ఎడిటింగ్‌కి టీఎల్‌సీయే కొను. 2025 చివర్లో మెమరీ చిప్‌ల ధరలు పెరిగాయి, కాబట్టి పాత వీడియోల్లో చెప్పిన ధరలు పట్టుకుని షాపువాడితో బేరం పెట్టుకోకు.

ఫార్మాట్ విషయం, అంటే డ్రైవ్‌లో ఫైళ్ళని సర్దే పద్ధతి. ఈ డ్రైవ్ నీ టేబుల్ మీదే ఉంటుంది కాబట్టి ఆపిల్ పద్ధతి అయిన ఏపీఎఫ్‌ఎస్‌లో పెట్టు. ఫోటోస్ లైబ్రరీని బయటి డ్రైవ్‌కి మార్చాలన్నా ఆపిల్ ఫార్మాట్ కావాలి, మ్యాక్ బ్యాకప్ తీసే టైమ్ మెషీన్‌కి ఇచ్చిన డిస్క్ దానికి పనికిరాదు. విండోస్ వాళ్ళకీ ఇవ్వాల్సి వస్తే రెండిట్లోనూ పనిచేసే ఎక్స్‌ఫ్యాట్. విండోస్ పద్ధతి అయిన ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఉన్న డిస్క్‌ని మ్యాక్ చదువుతుంది గానీ రాయదు. స్టూడియో వాళ్ళ డిస్క్ బహుశా అదే అయి ఉంటుంది, దానికి నువ్వు ఏమీ చేయనక్కర్లేదు, ఫార్మాట్ చేయాలా అని అడిగితే మాత్రం పొరపాటున కూడా సరేనని నొక్కకు. ఏ డ్రైవైనా ఇజెక్ట్ కొట్టాకే పీకు. ఎక్స్‌ఫ్యాట్‌కి ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ అవసరం.

విండోస్ డెస్క్‌టాప్ ఉన్నవాళ్ళు ఇది చదువుతుంటే వాళ్ళకి ఒక్క మాట. క్యాబినెట్ విప్పి మదర్‌బోర్డు మీద ఎం.2 స్లాట్ (ఆ ఎస్‌ఎస్‌డీ కార్డు పెట్టే చోటు) ఖాళీగా ఉందేమో చూడండి. ఉంటే బయటి డ్రైవ్ ఎందుకు, లోపలే పెట్టుకోండి. చౌక, పైగా వేగం ఎక్కువ.

ఇక నాన్నగారి కాపీ. దానికి ఎస్‌ఎస్‌డీ వద్దంటాను. ఊళ్ళో ఆ డ్రైవ్ బీరువాలోకి వెళ్తుంది, మళ్ళీ ఎప్పుడు బయటికి వస్తుందో చెప్పలేం. ఎస్‌ఎస్‌డీలో డేటా విద్యుత్ ఛార్జ్ రూపంలో ఉంటుంది, ఏళ్ళ తరబడి కరెంటు తగలకుండా, అందులోనూ మన రోహిణి కార్తె ఎండల్లో పడి ఉంటే అది మెల్లగా తగ్గిపోవచ్చు. బీరువాలో దాచడానికి 2 టీబీ మామూలు హార్డ్ డిస్కే నయం, ధర కూడా తక్కువ. చిన్న సైజుది తీసుకో, అది పోర్టు నుంచే కరెంటు తీసుకుంటుంది. పెద్ద సైజు వాటికి విడిగా అడాప్టర్ కావాలి, ఇక్కడి ప్లగ్గు అక్కడ పట్టదు. దాన్ని ఎక్స్‌ఫ్యాట్‌లో పెట్టు. ఇంట్లో పాత టీవీ ఉంటే అది ఎక్స్‌ఫ్యాట్ చదవకపోవచ్చు, దానికోసం ఎడిట్ చేసిన సినిమా ఒక్కటి మామూలు పెన్‌డ్రైవ్‌లో విడిగా పెట్టు. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32లో ఉంటే ఒక్కో ఫైలు 4 జీబీ లోపే ఉండాలి కాబట్టి పెళ్ళి ఒక ముక్క, రిసెప్షన్ ఒక ముక్కగా చెయ్యి.

హార్డ్ డిస్క్‌ని చెకిన్ సూట్‌కేసులో పడెయ్యకు. లోపల తిరిగే పళ్ళెం ఉంటుంది, కింద పడితే పోతుంది. చేతి బ్యాగులో బట్టల మధ్య పెట్టుకో, స్కానర్ ఎక్స్‌రేకి ఏమీ కాదు. చెన్నైలో దిగి కావలి దాకా కారులో వెళ్ళినా అది నీ ఒళ్ళోనే ఉండాలి. ఆ డిస్క్‌లో పాస్‌పోర్టు, ఐ-20 స్కాన్లు మాత్రం వేయకు. అవి నీ దగ్గరున్న ఎస్‌ఎస్‌డీలోనే, పాస్‌వర్డ్ పెట్టిన ఏపీఎఫ్‌ఎస్ వాల్యూమ్‌లో (డ్రైవ్‌లో విడిగా చేసుకున్న భాగం) ఉంచుకో. ఆ పాస్‌వర్డ్ మర్చిపోతే ఆపిల్ వాళ్ళు కూడా తెరవలేరు, ఒక కాగితం మీద రాసి సర్టిఫికెట్ల ఫైల్లో పెట్టు.

డ్రైవ్ చేతికి రాగానే ఎడిటింగ్ మొదలుపెట్టకు. మ్యాక్‌లో ఎఫ్3 అనే ఉచిత ప్రోగ్రాం ఉంది, విండోస్‌లో అయితే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ. అవి డ్రైవ్ అంతా నింపి, మళ్ళీ చదివి, చెప్పినంత చోటు నిజంగా ఉందో లేదో తేలుస్తాయి. నింపేటప్పుడు వేగం ఎక్కడ పడిపోతుందో కూడా నీకు కనిపిస్తుంది. 2 టీబీ చూపించాల్సిన చోట విండోస్‌లో 1.8 అని వస్తే గొడవ పెట్టుకోకు, అది లెక్కించే పద్ధతిలో తేడా. ఈ పరీక్ష రిటర్న్ గడువు లోపలే పూర్తి చేసి, బిల్లు ఫోటో తీసి మెయిల్లో దాచుకో. వారంటీ అడగాల్సి వస్తే మొదట అడిగేది అదే. కొన్ని కంపెనీలు కొన్న దేశంలోనే వారంటీ ఇస్తాయి, కాబట్టి నాన్నకిచ్చే డిస్క్‌కి అక్కడ సర్వీసు ఉందో లేదో కొనేముందే చూసుకో. లేదంటే ఆ ఒక్కటి నెల్లూరులోనే కొనుక్కో, కాపీ ఇంటికెళ్ళాక చేసుకోవచ్చు. అప్పుడు ఎస్‌ఎస్‌డీ నీతో తీసుకెళ్ళాలి, ఇంట్లో కంప్యూటర్ పాతదైతే సీ నుంచి పాత యూఎస్‌బీకి మారే కేబుల్ కూడా బ్యాగులో వేసుకో. టీ7 పెట్టెలో రెండు కేబుళ్ళూ వస్తాయి. ఆ ఎస్‌ఎస్‌డీ ఏపీఎఫ్‌ఎస్‌లో ఉంటే అక్కడి విండోస్ దాన్ని చదవదు, కాబట్టి మినీని కూడా బ్యాగులో పెట్టుకుని వెళ్ళు, బరువు కిలో కూడా ఉండదు.