పిల్లల కౌన్సెలర్ కావాలంటే ఆరు నెలల సర్టిఫికెట్ చాలదమ్మా

ప్రశ్న: మాది టెక్కలి. మా అమ్మాయి బైపీసీ చదివి నీట్ రెండుసార్లు రాసింది, సీటు రాలేదు. ఇప్పుడు పిల్లల సైకాలజీ చదువుతానని పట్టుబట్టింది. మా చెల్లెలి కొడుకు హాస్టల్ నుంచి వచ్చేసి ఎవరితోనూ మాట్లాడకపోతే నెల రోజులు వాడి వెనకే తిరిగింది, అప్పట్నుంచి ఇదే గోల. ఆన్‌లైన్‌లో ఆరు నెలల చైల్డ్ కౌన్సెలర్ కోర్సు ఉందట. అది చాలదా? లేకపోతే సైకాలజీ, ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ)ల్లో ఏది మంచిది? పిచ్చి డాక్టరంటే రేపు సంబంధాలు ఎలా వస్తాయని మావారి బాధ. – ఒక తల్లి

జవాబు: అమ్మా, నీట్ ఫలితాలు వచ్చాక ఇలాంటి ఉత్తరాలు ప్రతి ఏడాదీ వస్తాయి. అడిగేది కోర్సు గురించే అయినా, లోపలి దిగులు డాక్టరు కాలేని పిల్ల ఇంకేమవుతుందన్నదే. ముందు ఆ దిగులు తీసి పక్కన పెట్టండి. మీ అమ్మాయి మార్కులు రాక ఇటు రావడం లేదు. నోరు విప్పని పిల్లాడి దగ్గర నెల రోజులు ఓపిగ్గా కూర్చుంది. ఆ వయసులో అది చిన్న విషయం కాదు. మీరేమో దాన్ని గోల అంటున్నారు. ఇంట్లో కూడా ఇలాగే అంటుంటే ఇవాళే ఆపేయండి. రెండుసార్లు పరీక్ష పోయిన పిల్ల ఇప్పటికే సగం నలిగిపోయి ఉంటుంది.

ఇక ఆరు నెలల కోర్సు. వద్దు. ఫోన్ తెరిస్తే చాలు, చైల్డ్ కౌన్సెలర్, పేరెంటింగ్ కోచ్ అంటూ ప్రకటనలు. నాకు వాటి మీద ఉన్న అభ్యంతరం ఫీజు గురించి కాదు, ఆ కోర్సు చేసినవాళ్ల ముందు తర్వాత కూర్చునే పిల్లల గురించి. మూడో తరగతి పిల్ల ప్రతి సోమవారం పొద్దున్నే కడుపునొప్పి అంటుంది. డాక్టరు చూసి ఏమీ లేదంటారు. బడికి భయమా, ఇంట్లో గొడవలా, అమ్మను వదిలి వెళ్లలేకపోవడమా? 'నాకు భయంగా ఉంది' అని ఆ వయసు పిల్లలు చెప్పలేరు. ఆడుకునేటప్పుడు, బొమ్మ గీసేటప్పుడు అది బయటపడుతుంది. దాన్ని పట్టుకోవడం, తర్వాత తల్లినీ తండ్రినీ విడివిడిగానూ కలిపీ కూర్చోబెట్టి మాట్లాడటం సీనియర్ల దగ్గర కేసులు చూస్తూ, తప్పులు దిద్దించుకుంటూ నేర్చుకోవాల్సిన పని. వీడియోలు చూస్తే రాదు.

ఇంకొకటి. 'ఎవరికీ చెప్పనని ఒట్టేస్తే చెప్తా' అని ఒక పిల్ల తనపై జరిగిన అఘాయిత్యం గురించి నోరు విప్పబోయిందనుకోండి. శిక్షణ లేనివాళ్లు జాలితో ఒట్టేసేస్తారు. పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం అలాంటి నేరం తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి, దాచడం నేరం. ఒట్టేసి తర్వాత బయటపెడితే ఆ పిల్ల మళ్లీ ఏ పెద్దవాళ్లనీ నమ్మదు. ఒట్టు వేయకుండా, పిల్ల భయపడకుండా ఆ మాట ఎలా చెప్పాలో నేర్చుకోవడం కూడా ఈ చదువులో భాగమే. దూరవిద్య, ఆన్‌లైన్ పద్ధతుల్లో సైకాలజీ డిగ్రీలు 2025 జులై-ఆగస్టు నుంచి ఇవ్వకూడదని యూనివర్సిటీలను నియంత్రించే యూజీసీయే చెప్పింది. ఇక ఆరు నెలల సర్టిఫికెట్ సంగతి మీరే ఆలోచించండి.

సైకాలజీనా, ఎంఎస్‌డబ్ల్యూనా అన్నది డిగ్రీ అయ్యాక తేలినా ఫర్వాలేదు. ఇప్పుడు రెగ్యులర్ కాలేజీలో సైకాలజీ ఒక సబ్జెక్టుగా ఉన్న డిగ్రీలో చేర్పించండి. పిల్లలతో ఒక్కొక్కరిగా కూర్చుని మానసిక పరీక్షలు, థెరపీ చేయాలనుంటే సైకాలజీ. కానీ ఎంఏ ఒక్కటే సరిపోదు. రీహాబిలిటేషన్ కౌన్సిల్ (ఆర్‌సీఐ) రిజిస్టర్‌లో పేరు ఉంటేనే క్లినికల్ సైకాలజిస్టు. పాత ఎంఫిల్ దారి మూసుకుపోతోంది, కొత్త కోర్సులు వచ్చాయి. ఎక్కడ చేరినా ఆ కాలేజీకి, ఆ కోర్సుకి ఆర్‌సీఐ అనుమతి ఉందో లేదో వాళ్ల సైట్‌లో మీరే చూసుకోండి, ఏజెంటు మాట నమ్మొద్దు. ఇళ్లకు వెళ్లి కుటుంబాలతో, బాలల సంరక్షణ విభాగాలతో, కోర్టులతో పనిచేయాలనుంటే ఎంఎస్‌డబ్ల్యూ. అది మన ఎచ్చెర్ల అంబేడ్కర్ యూనివర్సిటీలోనే ఉంది. విశాఖ ఆంధ్రా యూనివర్సిటీలో రెండూ ఉన్నాయి.

ఉద్యోగాల విషయంలో మభ్యపెట్టను. జిల్లా బాలల సంరక్షణ యూనిట్లు, హింసకు గురైన మహిళలకు సాయం చేసే సఖి కేంద్రాలు, ప్రభుత్వాసుపత్రుల్లో చిన్నపిల్లల ఎదుగుదల లోపాలు చూసే కేంద్రాలు, ఇలాంటి చోట్ల ఎక్కువగా కాంట్రాక్టు పోస్టులే. మొదట్లో జీతం తక్కువ. సీబీఎస్ఈ స్కూళ్లకు కౌన్సెలర్ ఉండాలన్న నియమం ఉంది కాబట్టి అక్కడా అవకాశాలుంటాయి. సాఫ్ట్‌వేర్ జీతంతో పోల్చుకుంటే మాత్రం రోజూ బాధే.

అవసరం ఎంత ఉందో మీకు నేను చెప్పాలా? చేపల వేట కోసం నాన్న గుజరాత్‌లోని వెరావల్ వెళ్లిపోతే సీజనంతా అమ్మమ్మ దగ్గర పెరిగే పిల్లలు మన తీరంలో ఊరూరా ఉన్నారు. ఉద్దానంలో డయాలసిస్‌కి వెళ్లొచ్చి మంచం మీద పడుకున్న నాన్నను చూస్తూ హోంవర్క్ చేసుకునే పిల్లలున్నారు. వాళ్ల మనసులో ఏముందని ఎవరు అడుగుతున్నారు? మన యాసలో మాట్లాడుతూ, మన ఇళ్ల సంగతి తెలిసిన మనిషి ఎదురుగా కూర్చుంటే ఆ పిల్లలు త్వరగా నోరు విప్పుతారు. మీ అమ్మాయికి ఉన్న పెద్ద బలం అదే.

సంబంధాల గురించి మీవారికి నా మాటగా చెప్పండి. డిగ్రీలో కూడా చేరని పిల్లకి ఇప్పుడే పెళ్లి దిగులు ఎందుకు? పిల్లల బాధ వినే పనిని పిచ్చి డాక్టరని తక్కువగా చూసే ఇంటికి పిల్లనివ్వాలని మీకు మాత్రం ఉంటుందా?

మీ చెల్లెలి కొడుకు ఇప్పుడెలా ఉన్నాడో మీరు రాయలేదు. ఇంకా ముభావంగానే ఉంటే ఆ భారం మీ అమ్మాయి మీద వదిలేయకండి. వాడికి ఆమె అక్క, వైద్యురాలు కాదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు. దగ్గరలో ఎవరికి చూపించాలో అడగండి. చెల్లెల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఈ వారమే చేయండి.