స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఇల్లు కొనొచ్చా, పక్కనే మానసిక ఆసుపత్రి ఉంది కదా?

మీ ప్రశ్న చూసి రెండు రోజులైంది. ఎలా చెప్పాలో ఆలోచించుకుని ఇప్పుడు రాస్తున్నాను. "లండన్ టూటింగ్‌లో స్ప్రింగ్‌ఫీల్డ్ విలేజ్ అనే చోట ఫ్లాట్ చూశాం, పార్కు బాగా నచ్చింది. తీరా చూస్తే అది పాత పిచ్చాసుపత్రి స్థలమట, ఇప్పటికీ అక్కడ పేషెంట్లు ఉంటారట. ఇద్దరు చిన్నపిల్లలున్నారు, భయం లేదా?" అని అడిగారు. లీజు ఎన్నేళ్లు మిగిలిందో, ఏడాదికి సర్వీస్ ఛార్జీ ఎంత పడుతుందో మీ సొలిసిటర్‌ని అడగండి, అవి నాకు తెలిసిన విషయాలు కావు. ఆసుపత్రి గురించి మాత్రం చెప్పగలను. మా తమ్ముడు 2023లో తొమ్మిది వారాలు అక్కడే ఉన్నాడు.

వాడికి మొదటిసారి జబ్బు చేసింది 2013లో, మాస్టర్స్ చదువుతున్నప్పుడు. నిద్ర పట్టేది కాదు, తిండి మానేశాడు, గోడ అవతల ఎవరో తన గురించే మాట్లాడుకుంటున్నారని అనేవాడు. అప్పుడు లండన్‌లోనే వేరే ఆసుపత్రిలో చేర్చారు, పేరు ఎందుకులెండి. ఒక గదిలో నాలుగు మంచాలు, మధ్యలో కర్టెన్లు. పక్క మంచం మీద ఆయన రాత్రంతా ఏడ్చేవాడు. అసలే ఎవరో తనని గమనిస్తున్నారని వణికిపోతున్న పిల్లాడు ముగ్గురు కొత్తవాళ్ల మధ్య ఎలా నిద్రపోతాడు? బాత్‌రూమ్‌కి కూడా కారిడార్ చివరిదాకా వెళ్లాలి. నేను చూడటానికి వెళ్తే టీవీ గదిలో ఒక మూల కూర్చోబెట్టేవారు, నలుగురి ముందు వాడు ఏం మాట్లాడతాడు? అన్నం డబ్బా చేతిలో పట్టుకుని తల వంచుకుని కూర్చునేవాడు. మందులు పనిచేశాయి, ఇంటికొచ్చాడు, కానీ ఆ గది తలుచుకుంటే ఇప్పటికీ వాడి ముఖం మారిపోతుంది. ఇలాంటి ఉమ్మడి వార్డులు తీసేయడానికి ఇక్కడి ప్రభుత్వం 2020లో 40 కోట్ల పౌండ్లకు పైగా ప్రకటించిందంటే, అప్పటికింకా ఎన్ని మిగిలాయో మీరే ఊహించుకోండి.

2023లో మళ్లీ తిరగబెట్టినప్పుడు ఇక్కడి మానసిక ఆరోగ్య చట్టంలోని సెక్షన్ 2 కింద, అంటే పేషెంట్ ఒప్పుకోకపోయినా పరీక్షించడానికి, స్ప్రింగ్‌ఫీల్డ్‌లో చేర్చారు, తర్వాత అది చికిత్స కోసం ఉంచే సెక్షన్ 3 అయింది. కాకినాడ నుంచి అమ్మ ఫోన్‌లో అడిగిన మొదటి మాట, "చినవాల్తేరు లాంటి చోటేనా అమ్మా?" మన కోస్తాలో చినవాల్తేరు, హైదరాబాద్‌లో ఎర్రగడ్డ అన్న ఊరి పేర్లే తిట్లుగా వాడుకుంటాం కదా. అమ్మకి వీడియో కాల్‌లో వాడి గది చూపించాను. ఒక్కడికే ఒక గది, లోపలే బాత్‌రూమ్, కిటికీలోంచి చెట్లు. అమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "వాడికి పెరుగన్నం పెడుతున్నారా?" అంది. అమ్మ కుదుటపడిందని అప్పుడు నాకర్థమైంది.

ఆ స్థలం కథ కొంచెం చెప్తాను, మీ భయానికీ దానికీ సంబంధం ఉంది. 1841లో సర్రే కౌంటీ వాళ్లు బీద మానసిక రోగుల కోసం అక్కడ అసైలం కట్టారు. అప్పట్లో అది పొలాల మధ్య చోటు. ఊరికి దూరంగా, కంటికి కనపడకుండా ఉంచాలన్నదే ఆలోచన. 1961లో ఆరోగ్య మంత్రి ఈనాక్ పవెల్ ఇలాంటి పాత అసైలాలన్నీ మూసేయాలని ప్రసంగించాడు. ఆ తర్వాత దేశంలో చాలాచోట్ల జరిగిందేంటంటే, ఆసుపత్రి పోయింది, స్థలం బిల్డర్లకు వెళ్లింది. ఉత్తర లండన్‌లో ఫ్రయర్న్ ఆసుపత్రి 1993లో మూతపడి ఇప్పుడు ఖరీదైన ఫ్లాట్లయింది. స్ప్రింగ్‌ఫీల్డ్‌లో అలా చేయలేదు. కొంత భూమి అమ్మి, ఆ డబ్బుతో అదే స్థలంలో ట్రినిటీ, షాఫ్ట్స్‌బరీ అని రెండు కొత్త ఆసుపత్రి భవనాలు కట్టారు. పాత అసైలం భవనాన్ని కూల్చకుండా ఇళ్లుగా మార్చారు. మధ్యలో 32 ఎకరాల పార్కు అందరికీ తెరిచారు. మీకు నచ్చిన పార్కు అదే. ఆసుపత్రిని అక్కడినుంచి పంపేయకుండా, ఊరినే దాని దగ్గరికి తెచ్చారు. నాకు ఇందులో అన్నింటికన్నా నచ్చింది ఇదే.

ఇక భద్రత సంగతి. దాచను, కోర్టుల ద్వారా వచ్చేవాళ్లకి చికిత్స చేసే ఫోరెన్సిక్ వార్డులు కూడా అక్కడ ఉన్నాయి. అవి తాళాలుండే వార్డులు, ఎవరు బయటికి రావాలన్నా అనుమతి ఉంటేనే. కోర్టు ద్వారా రాని మా తమ్ముడికి కూడా మొదట నర్సు తోడుగా పది నిమిషాలు బయటికెళ్లడానికి లీవ్ ఇచ్చారు, తర్వాత అరగంట, ఆ తర్వాత నాతో. పార్కులో మీరు చూసిన వాళ్లలో ఎవరు పేషెంటో మీరు చెప్పలేరు. మొదటిసారి వాడు బయటికొచ్చిన రోజు ఒక చిన్న పాప సైకిల్ మీదనుంచి మా ముందే పడింది. వీడు లేపి సైకిల్ నిలబెట్టాడు, వాళ్లమ్మ థాంక్స్ చెప్పి వెళ్లిపోయింది. "అక్కా, ఆవిడ నన్ను మామూలుగా చూసింది" అన్నాడు. ఎవరూ వాడిని పేషెంట్ అనకుండా గడిచిన ఆ ఐదు నిమిషాల గురించి వారం రోజులు చెప్పాడు. తీవ్రమైన మానసిక జబ్బున్నవాళ్లు ఇతరులకు హాని చేయడం కన్నా, ఇతరుల చేతిలో హానికి గురవడమే ఎక్కువ. అక్కగా నా టెన్షన్ ఎప్పుడూ అదే.

కొత్త భవనంతో అన్నీ బాగైపోయాయని అనను. గోడలు మందులివ్వవు. డిశ్చార్జ్ అయ్యాక వాడిని నిలబెట్టింది వారానికోసారి ఇంటికొచ్చి బాగోగులు చూసిన కేర్ కోఆర్డినేటర్, నెలనెలా ఇంజెక్షన్. ఈ దేశంలో నర్సులు చాలక, మంచాలు చాలక ఇంటికి చాలా దూరంగా చేర్చబడ్డ పేషెంట్లున్నారు. మా తమ్ముడికి ఇంటికి రెండు బస్సుల దూరంలో చోటు దొరకడం అదృష్టమే. రోజూ సాయంత్రం పప్పన్నం వేడిగా తీసుకెళ్లగలిగాను.

ఒక్కటి అడుగుతాను, తప్పుగా అనుకోకండి. కొన్నా కొనకపోయినా పిల్లల ముందు దాన్ని పిచ్చాసుపత్రి అనకండి, ఆసుపత్రి అంటే చాలు.

టూటింగ్ బెక్ స్టేషన్‌లో దిగి నడిచి రావచ్చు. ఏజెంటుతో కాకుండా ఒక శనివారం మధ్యాహ్నం పిల్లల్ని తీసుకుని మీరే రండి, సాయంత్రం దాకా ఉండి చూడండి. వాన లేకపోతే మేమూ అక్కడే ఉంటాం. తమ్ముడికి ఇప్పుడు ఉద్యోగం వచ్చింది, కానీ శనివారం ఆ పార్కు నడక మాత్రం మానలేదు.